జాతీయ విద్యుత్ మార్కెట్ ధరల సంస్కరణ: తిరుపతి, చిత్తూరు జిల్లాల వినియోగదారుల చర్చ

విశ్రాంత లెక్కలాధికారి, తిరుపతి:

సభ్యులకు నమస్కారం. విద్యుత్ చట్టం 2003కు సవరణలు ప్రతిపాదిస్తూ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసినప్పటి నుంచి ఈ వేదికలో ఆ విషయం ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. అందరి అభిప్రాయాలూ ఒకచోటికి రావాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఉద్యోగ జీవితమంతా కరెంటు కొనుగోలు బిల్లులు సరిచూసిన వాణ్ణి కనుక ముందు మార్కెట్ నడిచే తీరు చెప్పి, తరువాత ప్రశ్న అడుగుతాను.

మన పంపిణీ సంస్థలు (డిస్కంలు) కొనే కరెంటులో అత్యధిక భాగం ఇరవై, ఇరవై అయిదేళ్ల ఒప్పందాల కింద వస్తుంది. థర్మల్ కేంద్రాల ఒప్పందాలలో ధర రెండు భాగాలుగా ఉంటుంది: కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే స్థిర ఛార్జీ ఒకటి, తీసుకున్న యూనిట్లకు ఇంధన ఖర్చు కింద ఇచ్చే చర ఛార్జీ మరొకటి. ఒక్క యూనిట్ తీసుకోకపోయినా మొదటిది కట్టవలసిందే. ఈ ఒప్పందాల పక్కనే 2008 నుంచి విద్యుత్ ఎక్స్ఛేంజీలు నడుస్తున్నాయి. రేపటి రోజును పావుగంట చొప్పున 96 బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకుకు అమ్మేవారూ కొనేవారూ ఈరోజే తమ ధరలు చెబుతారు. రెండు వరుసలూ కలిసిన చోట తేలిన ధరే ఆ బ్లాకులో అందరికీ వర్తిస్తుంది. 2020 జూన్ 1 నుంచి అరగంటకొక వేలం జరిగే రియల్ టైమ్ మార్కెట్ కూడా వచ్చింది. దేశపు మొత్తం వాడకంలో ఎక్స్ఛేంజీల వాటా పదో వంతుకు లోపే అయినా, ధరల మీద వివాదమంతా అక్కడి నుంచే పుడుతోంది.

సంస్కరణ అనే ఒక్క పేరు కింద ఇప్పుడు చాలా సంగతులు కలిసిపోయాయి. వేర్వేరు ఎక్స్ఛేంజీల బిడ్లను కలిపి ఒకే ధర తేల్చే మార్కెట్ కప్లింగ్‌కు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2025 జులైలో ఆదేశమిచ్చింది. ఒప్పందాల కరెంటును కూడా ఉమ్మడి వేలంలోకి తేవాలన్న ప్రతిపాదనపై కేంద్రం 2021లో చర్చాపత్రం తెచ్చింది. వినియోగదారుడి బిల్లు వేళను బట్టి మారాలన్న నిబంధనలు 2023లో వచ్చాయి. ఇక ముసాయిదా బిల్లు, టారిఫ్ అసలు ఖర్చును ప్రతిబింబించాలనీ, తయారీ పరిశ్రమలు, రైల్వేలు, మెట్రోలు మోస్తున్న క్రాస్ సబ్సిడీని, అంటే ఇతర వర్గాలకు కరెంటు చవకగా ఇచ్చేందుకు వారు అదనంగా కట్టే మొత్తాన్ని, అయిదేళ్లలో తొలగించాలనీ అంటోంది. ధర పావుగంటకొకసారి మారే మార్కెట్‌లో ఆ ఎగుడుదిగుళ్ల భారం ఎవరి మీద పడాలన్నదే నా ప్రశ్న. ఎవరు ఏ స్థానం నుంచి మాట్లాడుతున్నారో చెప్పి రాయవలసిందిగా మనవి.

గుజ్జు పరిశ్రమ, బంగారుపాళెం:

నేను మామిడి గుజ్జు పరిశ్రమ నడుపుతున్నాను. మాకు సంవత్సరమంటే జూన్, జులై నెలలు, ఆపైన కాస్త ఆగస్టు. తోతాపురి కాయ మాగిన తరువాత ఎవరి కోసమూ ఆగదు కనుక, ట్రాక్టర్లు గేటు బయట వరుస కట్టి ఉన్నప్పుడు సాయంత్రం ఏడు గంటలకు కరెంటు ఖరీదని లైను ఆపి, మర్నాడు పది గంటలకు చవకని మళ్లీ మొదలుపెట్టే అవకాశం మాకు లేదు. వేళను బట్టి ధర హెచ్‌టీ (అధిక వోల్టేజీ) పరిశ్రమలకు కొత్తేమీ కాదు. మన రాష్ట్రంలో అది ఏళ్లుగా ఉంది. దాని వల్ల మేము పని వేళలు మార్చుకోలేదు, బిల్లు కట్టడమే నేర్చుకున్నాము.

ఎక్స్ఛేంజీ ధర గురించి మాట్లాడేవారు 2022 ఏప్రిల్‌ను గుర్తు తెచ్చుకోవాలి. మార్చిలో ధర యూనిట్‌కు 20 రూపాయలను తాకింది. ఏప్రిల్ మొదట్లో నియంత్రణ మండలి 12 రూపాయల పరిమితి విధించింది. అదే నెలలో మన రాష్ట్రంలో పరిశ్రమలకు వారానికొక రోజు పవర్ హాలిడే ప్రకటించి, నిరంతరం నడిచే పరిశ్రమలను సగం లోడుకు కుదించారు. తెర మీద ధర 12 రూపాయలని కనబడుతున్నా ఆ ధరకు కావలసినంత కరెంటు లేదు; డీజిల్ జనరేటరు మీద యూనిట్ ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి నాకు కావలసింది చవక ధర ఒక్కటే కాదు. సీజన్‌కు ముందే, ఫలానా రెండు నెలలకు ఫలానా ధరకు ఇంత లోడు ఖాయమని రాసిచ్చే ఒప్పందం కావాలి. డిస్కం నుంచి కాక బయటి అమ్మకందారు దగ్గర కొనే ఓపెన్ యాక్సెస్‌లో తెచ్చుకోమంటారు. ఎక్స్ఛేంజీలో 4 రూపాయలకు దొరికిన యూనిట్ మీద వీలింగ్ (లైన్ల వాడకం) ఛార్జీ, ప్రసార నష్టాలు, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ, అదనపు సర్‌ఛార్జీ వేసి చూస్తే, రెండు నెలల అవసరానికి ఆ కాగితాల పని చేసినందుకు మిగిలేది స్వల్పం.

లోడ్ డిస్పాచ్ పాతకాపు:

లోడ్ డిస్పాచ్‌లో, అంటే గ్రిడ్ కంట్రోల్ రూమ్‌లో, పనిచేసిన వాడిగా బంగారుపాళెం మిత్రులు చెప్పిన దానికి కొనసాగింపుగా రెండు మాటలు. ధర పరిమితి కొనేవాడికి రక్షణగా కనిపిస్తుంది గానీ, దిగుమతి బొగ్గు ఖర్చు ఆ పరిమితిని మించిపోతే అమ్మేవాడు యంత్రం ఆపుకుంటాడు. అందుకే 2022 మే నెలలో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ కింద, దిగుమతి బొగ్గు కేంద్రాలన్నీ పూర్తి సామర్థ్యంతో నడవాలని ఆదేశించవలసి వచ్చింది. తరువాత 2023లో పరిమితిని 10 రూపాయలకు దించి, ఖరీదైన ఇంధనం వాడే కేంద్రాలకు వేరుగా అధిక ధర విభాగం తెరిచారు. దానికి మొదట 50 రూపాయల పరిమితి పెట్టి, ఆ తరువాత 20కి తగ్గించారు. ధరను ఆదేశంతో ఆపవచ్చు, కొరతను ఆపలేము.

రెండవది దక్షిణాది అనుభవం. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో కలిసింది. అంతకు ముందు ఉత్తరాన కరెంటు మిగిలినా మనకు చేరే దారి ఇరుకు. అందువల్ల ఎక్స్ఛేంజీలో మన ప్రాంతపు ధర తరచుగా మిగతా దేశం కంటే చాలా ఎక్కువగా తేలేది. ఆ తేడాను తగ్గించినవి వేలం నిబంధనలు కావు, తీగలు. దేశానికి ఒకే ధర అన్న మాట లైను ఖాళీగా ఉన్న వేళ మాత్రమే నిజమవుతుంది. దారి ఇరుకైన రోజున కప్లింగ్ ఉన్నా ప్రాంతాల ధరలు విడిపోతాయి.

నగరి మరమగ్గాలు:

అయ్యా, నాకు ఒక సందేహం. మా షెడ్డు లోడు 10 కిలోవాట్లు దాటుతుంది. వేళను బట్టి ధర మాకు కూడా వస్తుందా? మాది కూలి నేత. నూలు ఇచ్చే షావుకారు మీటరుకు ఇంత అని ఇస్తాడు. కరెంటు ధర పెరిగిందని చెబితే మీటరు కూలి పెంచడు.

విశ్రాంత లెక్కలాధికారి, తిరుపతి:

నగరి తమ్ముడికి: 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్లు మించిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం మినహా మిగిలిన వారందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతి రావాలి. స్మార్ట్ మీటరు ఉన్నచోటే అది వీలవుతుంది. ఎండ బాగా ఉండే వేళలలో విద్యుత్ ఛార్జీ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువగా, గరిష్ఠ డిమాండ్ వేళలలో వాణిజ్య, పారిశ్రామిక వర్గాలకు కనీసం 20 శాతం ఎక్కువగా, మిగిలిన వారికి కనీసం 10 శాతం ఎక్కువగా ఉండాలి. ఏ గంటలు ఏ వేళ కిందికి వస్తాయో రాష్ట్ర నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. మీ పగటి షిఫ్టుకు లాభమే, సాయంత్రపు షిఫ్టుకు నష్టం. రెండు షిఫ్టులూ నడిపేవారికి నికరంగా ఏమవుతుందో ఒక నెల రీడింగులు చూస్తే గాని చెప్పలేము.

సౌర కేంద్రం ఇంజనీరు, చిత్తూరు:

ఉత్పత్తిదారుల వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను రాస్తున్నాను. సౌర కేంద్రాలన్నీ ఒకే వేళలో ఉత్పత్తి చేస్తాయి. పగటి ధర పడిపోవడానికి కారణం మేమే, పడిపోయిన ధరకు మొదట దెబ్బతినేదీ మేమే. 2025 మే నెలలో రియల్ టైమ్ మార్కెట్‌లో కొన్ని పగటి బ్లాకుల ధర సున్నా దగ్గరికి దిగింది. అదే రోజులలో సూర్యాస్తమయం తరువాత ధర ఎక్కడికో పోతుంది. పూర్తిగా ఎక్స్ఛేంజీ ధర మీదే బతకమంటే కొత్త సౌర కేంద్రానికి ఏ బ్యాంకూ అప్పివ్వదు.

అయితే ఒప్పందం ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదని మన రాష్ట్రంలోనే చూశాము. 2019లో ప్రభుత్వం పవన, సౌర ఒప్పందాల ధరలను తిరగతోడింది. హైకోర్టు ముందుగా పవన విద్యుత్‌కు 2 రూపాయల 43 పైసలు, సౌర విద్యుత్‌కు 2 రూపాయల 44 పైసలు మధ్యంతర ధరగా చెల్లించమంది. 2022 మార్చిలో ధర్మాసనం ఒప్పంద ధరలే చెల్లించాలని తీర్పునిచ్చింది. ఆ మధ్య కాలమంతా అప్పులు, వడ్డీలు ఆగలేదు. అందువల్ల నేను మధ్యేమార్గాన్ని సమర్థిస్తాను: అమ్మకం మార్కెట్‌లోనే జరగాలి, ముందే అనుకున్న ధర కంటే మార్కెట్ ధర తగ్గితే కొనుగోలుదారు తేడా ఇవ్వాలి, పెరిగితే మేము తిరిగి ఇవ్వాలి. 2025 జులై నుంచి రాబోయే నెలల ధరను ముందే ఖాయం చేసుకునే విద్యుత్ ఫ్యూచర్స్ వ్యాపారం కూడా మన దేశంలో మొదలైంది గనుక, గుజ్జు పరిశ్రమవారు అడిగిన సీజన్ ధర భద్రతకు అదొక దారి కావచ్చు.

గుజ్జు పరిశ్రమ, బంగారుపాళెం:

ఫ్యూచర్స్‌తో ధరకు భద్రత వస్తుందేమో గానీ, అవి డబ్బు లెక్కలో తేలిపోయేవి, కరెంటు ఇచ్చేవి కావు. పవర్ హాలిడే పెట్టిన రోజున నాకు కాగితం మీద లాభం వచ్చినా కాయ కుళ్లుతుంది.

గృహిణి, ఎం.ఆర్.పల్లి:

మా ఇంటి బిల్లు ఎక్స్ఛేంజీని చూడదు, శ్లాబులను చూస్తుంది. మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 225 యూనిట్లు దాటిన తరువాత 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. మార్కెట్ మాకు చేరేది మరో దారిలో, ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చు సర్దుబాటు అనే పేరుతో. ఈ సర్దుబాటు నెలనెలా ఆటోమేటిగ్గా వేసుకునే వీలు 2022 డిసెంబరు నిబంధనలతో వచ్చింది, మన రాష్ట్రంలో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల చొప్పున వేశారు. అంతకు ముందేమో 2014 నుంచి 2019 వరకు అంచనాకు మించి జరిగిన ఖర్చుల ట్రూ-అప్‌ను 2022లో మొదలుపెట్టి వసూలు చేశారు.

తిరుపతిలో సగం ఇళ్లు అద్దె ఇళ్లే అన్నట్టుంటుంది. 2016లో ఏసీ వాడుకున్న కుటుంబం ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయింది, వాళ్ల పైసలు 2022లో అద్దెకు దిగిన వాళ్లు కట్టారు. అసలు ఖర్చును ప్రతిబింబించే ధర అంటే, ఆ ఖర్చు చేసినవారి నుంచి, చేసిన కాలంలోనే తీసుకోవడమని కూడా అర్థం కావాలి కదా? ఆ కోణంలో నెలవారీ సర్దుబాటే నయమని నేను ఒప్పుకుంటాను. తగ్గినప్పుడు కూడా అంతే వేగంగా తిరిగి రావాలి. 2025లో నియంత్రణ మండలి యూనిట్‌కు 13 పైసల ట్రూ-డౌన్ (వాపసు) ఆదేశించి నవంబరు నుంచి బిల్లులలో తగ్గించడం మొదలుపెట్టింది. అది అంతకు ముందరి ఆర్థిక సంవత్సరపు లెక్క. వసూలు నెలనెలా, వాపసు మాత్రం ఏడాది తరువాత అయితే దాన్ని సంస్కరణ అని ఎలా అనమంటారు?

వేళను బట్టి ధర సంగతి: మోటారు, వాషింగ్ మెషీన్, గ్రైండరు పగటికి మార్చగలను. పిల్లలు చదువుకునే వేళ దీపాన్నీ, మే నెల రాత్రి ఫ్యానునూ మార్చలేను. ఇంట్లో పగలు ఎవరూ లేని ఉద్యోగస్థుల కుటుంబానికి మొదటి వెసులుబాటు కూడా ఉండదు.

పరిశోధకురాలు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం:

ఉమ్మడి వేలం గురించి ఎవరూ వివరంగా రాయలేదు. 2021 జూన్‌లో కేంద్రం ఇచ్చిన చర్చాపత్రం ప్రకారం రాష్ట్రాలు ఒప్పందాల కింద ఉన్న తమ కేంద్రాలను తామే నడిపించుకోవడం మాని, దేశంలోని డిమాండ్‌నూ ఉత్పత్తినీ ఒకే వేలంలో పెట్టాలి. అప్పుడు ఏ రాష్ట్రానిదైనా సరే, ముందుగా చవక కేంద్రం నడుస్తుంది. వేలం ధరకూ ఒప్పంద ధరకూ ఉన్న తేడాను రెండు పక్షాలూ తరువాత సర్దుకుంటాయి కనుక ఒప్పందాలు చెదరవు. దీని వల్ల ఏటా 12,000 కోట్ల రూపాయల వరకు ఆదా అవుతుందని కేంద్రం అప్పట్లో అంచనా వేసింది. అంతర్రాష్ట్ర థర్మల్ కేంద్రాలలో చవకైన వాటిని ముందు నడిపించే ప్రయోగం 2019 ఏప్రిల్‌లోనే మొదలైంది, కాబట్టి ఆలోచన గాలిలోది కాదు.

రాష్ట్రాల అభ్యంతరం కూడా గాలిలోది కాదు. ఒప్పందం కింద తీసుకున్న కరెంటుకు నెలాఖరు బిల్లు వచ్చిన తరువాత 45 రోజుల గడువు ఉంటుంది. వేలంలో కొన్న కరెంటుకు వెంటనే కట్టాలి. నిత్యం చేబదుళ్లతో నడిచే డిస్కంకు అంత రొక్కం ఎక్కడి నుంచి వస్తుంది? 2022 ఆగస్టులో బకాయిల కారణంగా మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల డిస్కంలను ఎక్స్ఛేంజీలలో కొనకుండా ఆపిన సంగతి మరచిపోకూడదు. మొత్తం కరెంటు వేలంలోకి వెళ్లాక అలాంటి నిషేధం పడితే ఆరోజు ఆ రాష్ట్రం గతి ఏమిటన్నది చర్చాపత్రం చదివేవారికి మొదట తట్టే ప్రశ్న. నా వరకు కప్లింగ్ చిన్న సంస్కరణ. రేపటి కరెంటును ఈరోజే వేలం వేసే ముందురోజు మార్కెట్ వ్యాపారం దాదాపు మొత్తం ఒకే ఎక్స్ఛేంజీలో జరుగుతున్నప్పుడు, మూడు ఎక్స్ఛేంజీలనూ కలిపి తీసిన ధర ఇప్పటి ధరకు పెద్ద దూరంలో ఉండదు. ఆ లాభనష్టాల వాదన ఎక్స్ఛేంజీల వాటాదారులది, మనది కాదు.

బోరుబావి రైతు, పలమనేరు:

ఇక్కడ అందరూ రాసింది చదివాను. మా పేరు క్రాస్ సబ్సిడీ అన్న మాట వెనకాల తప్ప ఎక్కడా రాలేదు. 2004 మే నుంచి మాకు ఉచిత కరెంటు ఉంది, దాని ఖర్చు ప్రభుత్వం డిస్కంకు ఇవ్వాలి. పశ్చిమ మండలాలలో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. మోటారు లేకుండా మాకు ఒక్క తడి కూడా లేదు. పలమనేరు మార్కెట్‌లో టమోటా వేలం చూసేవాళ్లం గనుక, సరుకు ఒక్కసారిగా దిగితే ధర ఎంతలో పడుతుందో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. సౌర కరెంటు కూడా మధ్యాహ్నం అట్లాగే దిగుతోందని పైన ఇంజనీరు గారే రాశారు.

ఇప్పుడు నా ప్రశ్న. మాకిచ్చే తొమ్మిది గంటల కరెంటు పగటి పూటే ఇస్తున్నారు. కొనేవాడు లేక ధర పడిపోతున్న గంటలలో మా మోటార్లు తిరుగుతున్నాయి. కానీ వ్యవసాయ సబ్సిడీ లెక్కగట్టేటప్పుడు మా యూనిట్‌కు వేసే సేవా ఖర్చు (సరఫరాకు అయ్యే ఖర్చు) ఏ వేళ ధరతో వేస్తున్నారు? పరిశ్రమకూ ఇంటికీ వేళను బట్టి ధర న్యాయమైతే, మా పేరు మీద రాసే ఖర్చుకు కూడా వేళను బట్టి లెక్క ఉండాలి. అప్పుడు మేము దేశానికి ఎంత భారమో అసలు అంకె బయటికొస్తుంది.

విశ్రాంత లెక్కలాధికారి, తిరుపతి:

రైతు సోదరుడి ప్రశ్న ఈ చర్చలో అన్నిటికంటే పదునైనది, కాబట్టి కాస్త వివరంగా జవాబివ్వాలి. సూత్రంగా ఆయన మాట సరైనదే. ముసాయిదా బిల్లు ఖర్చును ప్రతిబింబించే టారిఫ్ అంటున్నప్పుడు, ఏ గంటలో వాడితే ఆ గంట ఖర్చు రాయడం దాని సహజ ఫలితం. అలా రాస్తే వ్యవసాయం పేరున చూపే అంకె తగ్గడానికే అవకాశం ఎక్కువ. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ కింద ప్రభుత్వం ముందుగా చెల్లించవలసిన సబ్సిడీ కూడా దాని వెంట తగ్గుతుంది.

కానీ అంకె ఆయన ఆశించినంత దిగదు. డిస్కం పగటి కరెంటును ఎక్స్ఛేంజీ ధరకు కొనడం లేదు. చాలా వరకు ఒప్పంద ధరకు కొంటోంది. ఎక్స్ఛేంజీలో ధర అర్ధరూపాయికి పడినా ఒప్పందపు సౌర యూనిట్‌కు ఒప్పంద ధరే కట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్లు, 11 కేవీ లైన్లు, సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ పొడవాటి ఫీడర్లలో నష్టాలు వేళను బట్టి మాయం కావు. సాయంత్రం కోసం సిద్ధంగా ఉంచిన థర్మల్ కేంద్రాల స్థిర ఛార్జీలో రైతు వాటా ఎంత అన్నది మాత్రం నిజంగా తేల్చవలసిన సంగతి. సాయంత్రం మోటారు తిరగనప్పుడు ఆ భారం ఆయన మీద రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం. అదే తర్కంతో చూస్తే బంగారుపాళెం గుజ్జు పరిశ్రమ మీద, ఎం.ఆర్.పల్లి ఇళ్ల మీద కొంత ఎక్కువ రాయవలసి వస్తుంది. వారు దీనికి సిద్ధపడాలి.

గుజ్జు పరిశ్రమ, బంగారుపాళెం:

సాయంత్రం ఖర్చు నాదని లెక్క చూపిస్తే కడతాను. ఆ లెక్కలో ఇతరుల సబ్సిడీ కలిపి ఉండకూడదు, కట్టిన తరువాత కరెంటు ఉండాలి.

సౌర కేంద్రం ఇంజనీరు, చిత్తూరు:

ఒక సవరణ చేర్చాలి. వ్యవసాయ ఫీడర్లకు పగటి వేళ కరెంటు ఇవ్వడం మా ఉత్పత్తిని ఆపకుండా కాపాడుతోంది. మార్కెట్‌లో ధర సున్నాకు దిగే బ్లాకులలో ఆ మోటార్లు కూడా లేకపోతే మా కేంద్రాలను బ్యాక్‌డౌన్ చేయమంటారు, అంటే ఉత్పత్తి తగ్గించమంటారు. ఆ మేలుకు ఇప్పుడు ఏ ఖాతాలోనూ విలువ లేదు.

లోడ్ డిస్పాచ్ పాతకాపు:

విలువ ఉంది, కానీ ఒక షరతు మీద. మోటార్లన్నీ కరెంటు ఇచ్చిన నిమిషంలోనే ఒక్కసారిగా ఎత్తుకుంటే గ్రిడ్‌కు అది మేలు కాదు. ఆటో స్టార్టర్లు పెట్టుకున్న ఫీడర్లలో ఆ కుదుపు మేము కంట్రోల్ రూమ్‌లో చూసేవాళ్లం. విడతలుగా ఇస్తే మేలు, ఎండ బాగా ఉన్న గంటలకు జరిపితే ఇంకా మేలు.

పరిశోధకురాలు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం:

అయితే దీన్ని అంచనాలతో కాకుండా లెక్కతో తేల్చవచ్చు. ఎక్స్ఛేంజీల బ్లాకువారీ ధరలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వ్యవసాయ ఫీడర్ల పావుగంట రీడింగులు సబ్‌స్టేషన్ మీటర్లలో ఉంటాయి; వాటిని వెల్లడించమని టారిఫ్ ప్రతిపాదనల మీద అభ్యంతరాలు స్వీకరించేటప్పుడు రాష్ట్ర నియంత్రణ మండలిని లిఖితపూర్వకంగా కోరవచ్చు. ఆ రెండూ పక్కపక్కన పెడితే వ్యవసాయ యూనిట్ ఏ వేళలో ఎంత విలువ చేసిందో తెలుస్తుంది. పిటిషన్ ముసాయిదా నేను రాస్తాను. పలమనేరు అన్న తమ ఫీడరుకు ఏ గంటలలో కరెంటు ఇస్తున్నారో రాసి పంపితే మొదటి ఉదాహరణగా దాన్నే తీసుకుంటాను.

బోరుబావి రైతు, పలమనేరు:

రాస్తానమ్మా. మాకు రెండు బ్యాచీలుగా ఇస్తారు. ఒక బ్యాచీకి తెల్లవారుజామునే మొదలవుతుంది, రెండోది పొద్దెక్కిన తరువాత. మొదటి బ్యాచీ వేళలో తొలి గంటలకు ఎండ రాదు కాబట్టి, మీ లెక్కలో రెండింటినీ కలపకుండా విడివిడిగా చూడండి.

నగరి మరమగ్గాలు:

పిటిషన్‌లో చిన్న షెడ్ల సంగతి కూడా ఒక పేరా చేర్చండి. మా వీధిలో నాలుగు షెడ్ల నెల రీడింగులు, షిఫ్టుల వారీగా, నేను తెచ్చిస్తాను.